ఏడుకొండలు దిగాక... దీవికా? ఓడకా?

తలంబ్రాల బియ్యపు గింజలు ఇంకా జడలో చిక్కుకునే ఉంటాయి. పసుపు బట్టలు, చేతికి కంకణం, నుదుట చెరిగీ చెరగని కల్యాణ తిలకం. ముహూర్తాల రోజుల్లో తిరుమల మాడవీధుల్లో నిలబడితే ఇలాంటి జంటలు పదుల్లో కనిపిస్తాయి. పక్కపక్కనే నడుస్తుంటారు గానీ మాట్లాడుకునే వీలే ఉండదు. అమ్మాయి చెయ్యి పిన్నమ్మ పట్టుకుని ఉంటుంది. అబ్బాయి భుజం మీద చిన్నాయన చెయ్యేసి ఉంటాడు. వెనక అవ్వ, ఆవిడ వెనక ఎవరి పిల్లలో తెలియని నలుగురు పిల్లలు! దర్శనమైపోయాక లడ్డూల సంచి ఎవరు మొయ్యాలన్నదాని మీద చిన్న సభ. పెళ్ళయిన తొలి వారంలో కొత్త దంపతులకు దొరకనిది ఏదైనా ఉందంటే అది ఏకాంతమే.

అందుకే కొండ దిగి, అలిమేలుమంగాపురం, శ్రీకాళహస్తి, కాణిపాకం కూడా చూసి, వ్రతమూ అయిందనిపించి, బంధువుల బండ్లు ఊళ్ళకు బయల్దేరాక మొదటిసారి ఓ ప్రశ్న పుడుతుంది. ‘ఎక్కడికెళ్దాం?’

ఒకప్పుడు చిత్తూరు జిల్లా వాళ్లకి ఈ ప్రశ్నకి ఎక్కువ జవాబులు ఉండేవి కావు. కాస్త డబ్బుంటే ఊటీ, లేదంటే మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్‌. ఇప్పుడలా కాదు. ట్రావెల్‌ ఏజెంటు దగ్గర కూర్చుంటే రెండు రంగుల పుస్తకాలు ముందు పెడతాడు. ఒకదాని మీద నీలిరంగు నీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డ కుటీరాలు. తిండీ, పానీయాలూ, ఆటలూ అన్నీ ఒకే ధరలో కలిపేసిన రిసార్టు. రెండోదాని మీద పదంతస్తుల తెల్లటి ఓడ... క్రూయిజ్‌! రెండూ బాగానే ఉంటాయి. రెండింటికీ దాదాపు ఒకే రకం బడ్జెట్టు చెబుతాడు. ఏది ఎంచుకోవాలి?

స్వామివారు ఏం చేశారు?

ఈ ఊళ్లో ఏ ప్రశ్న వేసినా ముందు ఆయన దగ్గరికే వెళ్లాలి కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. స్థలపురాణం ప్రకారం శ్రీనివాసుడికీ పద్మావతికీ పెళ్లి జరిగింది నారాయణవనంలో. ఖర్చులకి కుబేరుడి దగ్గర చేసిన అప్పు సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ తర్వాతి కథే మనకి కావలసింది. కొత్తగా పెళ్లయినవాళ్లు ఆరునెలల దాకా కొండ ఎక్కకూడదన్న నియమం అడ్డొచ్చింది. దాంతో నూతన దంపతులు కొండకింద అగస్త్య మహర్షి ఆశ్రమంలో ఉండిపోయారట. అదే తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని నేటి శ్రీనివాసమంగాపురం. 1540లో తాళ్లపాక చినతిరుమలాచార్యులు ఆలయాన్ని పునరుద్ధరించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. గడువు తీరాక శ్రీనివాసుడు దగ్గర్లోని శ్రీవారిమెట్టు దారినే కొండెక్కాడని నమ్మకం. 2388 మెట్లున్న ఆ దారిలో ఇప్పటికీ జనం నడుస్తూనే ఉన్నారు.

కాస్త సరదాగా చూస్తే, అది అప్పు చేసి పెళ్లి చేసుకున్న జంట. బస, భోజనం అన్నీ మహర్షే చూసుకున్న చోటు. అత్తగారూ మామగారూ దగ్గర్లో లేరు. రిసార్టంటే అంతకన్నా ఏం కావాలి?

ఆరునెలల నియమాన్ని ఇప్పటికీ పట్టించుకునే ఇళ్లు ఉన్నాయి. పెళ్లవగానే శ్రీనివాసమంగాపురంలో కల్యాణ వేంకటేశ్వరుణ్ని చూసి, తిరుమలను తర్వాతకి వాయిదా వేసుకునేవాళ్లు వాళ్లు. పెళ్లే కొండమీద చేసుకునే ఇళ్లు మరికొన్ని. పాపవినాశనం రోడ్డులోని కల్యాణవేదికలో టీటీడీ 2016 నుంచి ఉచితంగా పెళ్లిళ్లు జరిపిస్తోంది. పురోహితుడూ మంగళవాద్యమూ అక్కడే ఉంటాయి. ఇరువైపుల తల్లిదండ్రులూ రావాలి. మండపం అద్దె, డెకరేషన్‌, వెయ్యిమందికి విస్తర్లు... ఇవేవీ ఉండవు. అక్కడ మిగిలిన డబ్బులో పదో వంతుతో ఏ దీవికైనా వెళ్లిరావచ్చు. పెళ్లికి పాతిక లక్షలు ఖర్చుపెట్టి, తర్వాత నాలుగు రోజుల ప్రయాణానికి వాయిదాల కార్డు గీకే జంటలు ఈ లెక్క ముందే వేసుకుంటే బాగుండేది. పెళ్లి నలుగురి కోసం, ప్రయాణం ఇద్దరి కోసం. మన దగ్గర బేరమాడేదేమో ఎప్పుడూ రెండోదాని మీదే!

‘అన్నీ కలిపి’... ఏవేవి?

అన్నీ ఒకే ధరలో కలిపి ఇచ్చే విడిది అన్న ఆలోచన మరీ కొత్తదేం కాదు. 1950లో స్పెయిన్‌ దీవి మయోర్కాలోని అల్కూడియా తీరంలో జెరార్డ్‌ బ్లిట్జ్‌ అనే బెల్జియం దేశస్థుడు గుడారాలు వేసి ‘క్లబ్‌ మెద్‌’ మొదలుపెట్టాడు. తిండి, బస, ఆటలు అన్నిటికీ ఒకే రుసుము. కొన్నాళ్లకి అక్కడ ఒక పద్ధతి వచ్చింది. డబ్బు కనిపించకూడదని అతిథులు మెడలో పూసలదండ వేసుకునేవాళ్లు. పానీయం కావాలంటే ఒక పూస తీసివ్వాలి. అంటే ‘అన్నీ కలిపి’ అన్న మొదటి చోట కూడా మందు విడిగానే కొనుక్కోవాల్సి వచ్చింది! ఈ పూసల కథ గుర్తుపెట్టుకుంటే ఈనాటి ప్యాకేజీలు చదవడం తేలికవుతుంది.

(మాటవరసకి... నిజంగా అన్నీ కలిపిన చోటు చూడాలంటే తిరుమలే చూడాలి. తిరగడానికి ధర్మరథం బస్సులు ఉచితం, గుండు ఉచితం, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఉచితం. పూసలదండ అవసరం లేదు. ఏకాంతం మాత్రం అడగకూడదు.)

మనవాళ్లు ఎక్కువగా ఆశపడే మాల్దీవులనే తీసుకుందాం. ఒక దీవికి ఒకే రిసార్టు అన్న పద్ధతి అక్కడ 1972లో కురుంబాతో మొదలైంది. భారతీయులకి ముందుగా వీసా అక్కర్లేదు, దిగాక ఉచితంగానే ఇస్తారు. బెంగళూరు నుంచి మాలెకి రెండు గంటల విమానం. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు సంగతి మాలెలో దిగాక మొదలవుతుంది. విమానాశ్రయం నుంచి రిసార్టుకి స్పీడ్‌బోటులోనో, సముద్రవిమానంలోనో వెళ్లాలి. దానికి మనిషికి ఇంత అని విడిగా తీసుకుంటారు. సముద్రవిమానాలు పగలే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగిందంటే మొదటి రాత్రి మాలె దగ్గర ఏదో హోటల్లో గడపాలి. రిసార్టుకి కట్టిన నాలుగు రాత్రుల్లో ఒకటి పోయినట్టే. టికెట్‌ కొనేముందే దిగే సమయం చూసుకోవాలి.

తర్వాత పన్నులు. రేటు పక్కన చిన్నగా రెండు ప్లస్‌ గుర్తులుంటే జాగ్రత్త. పది శాతం సర్వీసు ఛార్జి ఒకటి, దానిమీద పర్యాటక పన్ను ఇంకొకటి. ఆ పన్ను 2025 జులై నుంచి 17 శాతమైంది. వంద రూపాయలని రాసింది చివరికి నూట ఇరవై ఎనిమిది దాటుతుంది. ఇవి కాక హరిత పన్ను. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రోజుకి 12 డాలర్లు. ఇద్దరికి నాలుగు రోజులంటే 96 డాలర్లు. ఏజెంటు చెప్పిన ధరలో ఇవి కలిశాయా లేదా అని నోటిమాటగా కాదు, కాగితం మీద అడగండి.

‘ఫుల్‌బోర్డు’ అంటే మూడు పూటలా భోజనం మాత్రమే. మంచినీళ్ల సీసాకి కూడా బిల్లు రావొచ్చు. ‘ఆల్‌ ఇన్‌క్లూజివ్‌’ అంటే పానీయాలు కూడా కలిపి. ఇద్దరూ మందు ముట్టనివాళ్లయితే ఆ రెండో రకానికి ఎక్కువ డబ్బు పోయడం దండగే. మనవాళ్లలో చాలామంది పెద్దగా తాగకుండానే తాగేవాళ్ల ఖర్చు భరించి వస్తున్నారు. అక్కడి రిసార్టుల్లో మద్యం దొరుకుతుంది గానీ స్థానికులుండే దీవుల్లో దొరకదు. అలాంటి దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు చాలా చవక. సముద్రం అదే. అయితే ఈతదుస్తుల్లాంటి వాటికి అక్కడ కేటాయించిన తీరంలోనే అనుమతి. మన ఇళ్ల నుంచి వెళ్లే చాలా జంటలకి అది ఇబ్బందేమీ కాకపోవచ్చు!

ఇక తిండి. పెద్ద రిసార్టుల్లో భారతీయ వంటవాళ్లు ఉంటారు, పప్పూ రోటీకి లోటుండదు. సంగటీ ఊరిబిండీ మాత్రం ఆశించకండి. శాకాహారులైతే ముందే ఉత్తరం రాసి పెట్టుకోవాలి. నూనెలో, గరిటెల్లో పట్టింపున్న ఇళ్లవాళ్లు ఆ సంగతీ తేల్చుకోవాలి. లేకపోతే నాలుగు రోజులూ పళ్లముక్కల దగ్గరే నిలబడాల్సి వస్తుంది.

చెన్నై రేవులో తెల్ల ఓడ

క్రూయిజ్‌ అనగానే చాలామందికి సింగపూరే గుర్తొస్తుంది. అంతదూరం వెళ్లక్కర్లేదు. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్‌’ అనే ఓడని ముంబయి నుంచి నడపడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో అదే ఓడ చెన్నైకి వచ్చి విశాఖకీ వెళ్లింది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకీ ప్రయాణాలు మొదలయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్‌ టెర్మినల్‌ కూడా ప్రారంభమైంది. తిరుపతి నుంచి చూస్తే చెన్నై రేవు మన పెరడే. రైలెక్కితే మూడు గంటల పైచిలుకు. ఉదయం ఇంట్లో ఇడ్లీ తిని బయల్దేరినవాళ్లు సాయంత్రానికి సముద్రం మీద ఉండొచ్చు.

‘ఎంప్రెస్‌’ కొత్త ఓడ కాదు. 1990లో ‘నార్డిక్‌ ఎంప్రెస్‌’గా నీళ్లలోకి దిగింది. పదకొండు అంతస్తులు. ఈతకొలను, నాటకశాల, క్యాసినో, పాటలు, డ్యాన్సులు... ఒక చిన్న పట్టణం తేలుతున్నట్టే. గది, భోజనం, వినోదం ధరలో కలిసే ఉంటాయి. జైన భోజనం కూడా దొరుకుతుంది. మరి కలవనివి? రేవు రుసుములు, పన్నులు, సిబ్బంది ఇనాము, మందు, వై-ఫై, ఒడ్డున దిగి ఊరు చూడటానికి అయ్యే ఖర్చు. ఓడలో నోట్లు చేతులు మారవు. మీ గది పేరున ఖాతా నడుస్తుంటుంది. దిగేరోజు బిల్లు చేతికొస్తుంది. అది ఆధునిక పూసలదండ అన్నమాట!

గది విషయంలో మాత్రం పొదుపు చెయ్యొద్దంటాను. అన్నిటికన్నా చవకైనది కిటికీలేని లోపలి గది. విస్తీర్ణం వంద చదరపు అడుగుల పైచిలుకు. మన ఇళ్లలో దేవుడి గదీ స్టోరు రూమూ కలిపినంత. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. స్నేహితులతో వెళితే ఆ గది చాలు, ఎలాగూ నిద్రకే కదా వెళ్లేది. కానీ ఇది కొత్త దంపతుల ప్రయాణం. సముద్రం కనిపించే కిటికీ ఉన్న గదైనా తీసుకోవాలి. దానికోసం ఒక రోజు తగ్గించుకోవలసి వచ్చినా సరే.

పడవ పడని మనుషులుంటారు. తిరుమల ఘాట్‌ రోడ్డు ఇందుకు మంచి పరీక్ష. బస్సు పైకెళ్లేలోపు నిమ్మకాయ వాసన చూసేవాళ్లు, కవరు పట్టుకుని కిటికీ పక్కన కూర్చునేవాళ్లు ఓడ గురించి రెండుసార్లు ఆలోచించుకోవాలి. వెళ్లాల్సిందే అనుకుంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడగండి. ఊపు అక్కడ తక్కువ. వాంతుల మాత్రల సంగతి బయల్దేరేముందే డాక్టర్ని అడగాలి.

ఒక మాట ఏజెంట్లు చెప్పరు. ఓడ ఫలానా రేవులో ఆగుతుందని రాసినా ఆగి తీరాలని లేదు. 2022లో ఇదే ఓడకి పుదుచ్చేరిలో ఆగడానికి ప్రభుత్వ అనుమతి దక్కలేదు. గాలి మారినా, అలలు పెరిగినా కెప్టెన్‌దే నిర్ణయం. ఫలానా ఊరు చూడాలన్నదే మీ ఆశ అయితే రైలెక్కడం మేలు. ఓడలో ఓడే చూడవలసిన ఊరు.

ఇక భద్రత. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఓడ రాయికి గుద్దుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. అప్పుడు కొందరు ప్రయాణికులకి ప్రమాదం వస్తే ఎక్కడికి పరుగెత్తాలో చెప్పే అభ్యాసమే ఇంకా జరగలేదు. తర్వాత నిబంధనలు మారాయి. ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ఆ అభ్యాసం జరిగి తీరాలి. సెల్ఫీల సందడిలో దాన్ని ఎగ్గొట్టకండి.

పంచాంగం పక్కన వాతావరణం

రిసార్టా ఓడా అన్నదాన్ని సగం తేల్చేది మీ ముహూర్తమే. మన పెళ్లిళ్లు మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖ జ్యేష్ఠాల్లో, శ్రావణంలో, కార్తికంలో ఎక్కువ. మాఘంలో పెళ్లయితే మాల్దీవుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్‌ దాకా అక్కడ పొడి కాలం. అందుకే ధరలు కూడా ఆకాశంలోనే ఉంటాయి. శ్రావణంలో అయితే నైరుతి వానలు. ధర తగ్గుతుంది, కానీ నాలుగు రోజులూ కుటీరం కిటికీలోంచి వాన చూసి రావాల్సి రావచ్చు. (పెళ్లయిన వారంలో అది నష్టమేనా అంటే... అది మీ ఇద్దరి ఇష్టం.)

ఓడ లెక్క దీనికి తలకిందులు. నైరుతి వానల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలల్లో బంగాళాఖాతపు తీరం కాస్త నయం. ఎంప్రెస్‌ మన వైపు వచ్చింది ఆ కాలంలోనే. 2025లో కూడా వానాకాలం మొదట్లో విశాఖ నుంచి నడిచింది. చలికాలంలో ఎక్కాలంటే ముంబయి వెళ్లాల్సి రావచ్చు. కార్తికంలో మన తీరాన తుపాన్లుంటాయని కొత్తగా చెప్పాలా? అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం మీద ఓడ ప్రయాణం పెట్టుకునేవాళ్లు డబ్బు వెనక్కిచ్చే షరతులు చదివాకే సంతకం చెయ్యాలి.

ఇక్కడో తమాషా ఉంది. జ్యేష్ఠంలో పెళ్లయినవాళ్లకి ఆషాఢం గండం. కొత్తకోడలు పుట్టింటికి వెళ్లిపోవాలి, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. నెలరోజుల ఎడబాటు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన వైపు ఓడ వచ్చే కాలం మొదలవుతుంది! పెద్దవాళ్లు అత్తింటి గడప గురించి చెప్పారు గానీ ఓడ గడప గురించి ఎక్కడా చెప్పలేదు. అమ్మాయి పుట్టింటి నుంచి, అబ్బాయి తన ఇంటి నుంచి చెన్నై రేవుకి చేరుకుంటే శాస్త్రానికి ఏ లోటూ రాదు. అవ్వతో ఈ మాట ముందే ఒప్పించుకోవడం మీ తెలివి.

నాలుగు రోజులు... ఇద్దరే

ఇంతకీ అసలు ప్రశ్న డబ్బూ కాదు, వానా కాదు. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువ పెళ్లిళ్లు పెద్దలు కుదిర్చినవే. పెళ్లిచూపుల్లో పది నిమిషాలు, నిశ్చితార్థమయ్యాక ఫోన్లో కొన్ని గంటలు. అంతే పరిచయం. ఇద్దరూ ఒకే గదిలో వరసగా నాలుగు రోజులు గడపబోవడం అదే మొదటిసారి. అవతలి మనిషికి తెల్లవారుజామున లేచే అలవాటుందా, ఆకలేస్తే కోపం వస్తుందా, మాట్లాడకుండా కూర్చోవడం ఇష్టమా... ఏదీ తెలియదు.

దీవి మీద రిసార్టులో దాక్కోవడానికి చోటుండదు. చుట్టూ నీళ్లు, మధ్యలో మీ ఇద్దరు. మొదటి రోజు ఫొటోలతో గడిచిపోతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి ఏం మాట్లాడాలో తోచకపోతే? ఆ నిశ్శబ్దం ఇద్దరికీ హాయిగా ఉంటే దీవి స్వర్గం. ఇబ్బందిగా ఉంటే మూడో రోజు చాలా పొడుగ్గా ఉంటుంది. ఓడలో అలా కాదు. పూటపూటకీ ఏదో ఒక సందడి. మ్యాజిక్‌ షో, పాటలు, పక్క బల్ల దగ్గర కూర్చున్న మార్వాడీ కుటుంబం, క్యూలో ముందున్న ముసలాయన. మాట్లాడుకోవడానికి సాకులు వాటంతట అవే దొరుకుతాయి. ఇద్దరు కొత్త మనుషులు ఒకరివైపు ఒకరు చూసుకోవడం కన్నా, ఇద్దరూ కలిసి మూడోదాన్ని చూడటం తేలిక. కుదిర్చిన పెళ్లి, కాస్త బిడియస్తులైన జంట అయితే నేను ఓడ వైపే మొగ్గుతాను. మూడు రాత్రులు మించకుండా.

ఏళ్లుగా ప్రేమించుకుని, ఇంట్లోవాళ్లని ఒప్పించడంలోనే అలసిపోయినవాళ్లు, లేదా ఒకరు బెంగళూరులో ఒకరు హైదరాబాద్‌లో ఉండి వీడియో కాల్లోనే కాలం గడిపినవాళ్లు... వాళ్లకి సందడి అక్కర్లేదు. నిద్ర కావాలి, నిశ్శబ్దం కావాలి. వాళ్లకి దీవే సరి. పెళ్లి హడావిడిలో నాలుగు కిలోలు తగ్గిన పెళ్లికూతురికి పొద్దున పదింటి దాకా పడుకునే హక్కు దొరికే చోటు అదొక్కటే.

ఇంకో సంగతి ఉంది. ఇది అమ్మాయిల తరఫున చెప్పాల్సిందే. చాలా ఇళ్లలో ఈ ప్రయాణం అబ్బాయి ఒక్కడే నిర్ణయించేసి, ‘సర్‌ప్రైజ్‌’ అంటూ టికెట్లు చేతిలో పెడతాడు. అమ్మాయికి నీళ్లంటే భయమో, ఆ తేదీలు తనకి కుదరవో ఎవరూ అడగరు. కొత్త కాబట్టి ఆ పిల్లా చెప్పదు. ముహూర్తం పెట్టేటప్పుడు అమ్మాయి తేదీలు అమ్మ కనుక్కుంటుంది. ప్రయాణానికి మాత్రం ఆ ధ్యాస ఎవరికీ ఉండదు. నాలుగు లక్షల నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవడానికి ఇదే మొదటి అవకాశం. ఎంత ఖర్చుపెట్టగలం, ఎవరి జీతంలోంచి, అప్పుంటే ఎంత... ఈ మాటలు నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఫోన్లోనే మొదలైతే మంచిది. ‘తిన్నావా?’ తర్వాత అడగడానికి ఇంకో ప్రశ్న దొరికినట్టూ ఉంటుంది.

రెండూ కలిసిన పడవ

రెండూ కావాలి, పాస్‌పోర్టు లేదు, లక్షలూ లేవు అంటారా? కేరళ కెట్టువళ్లం ఉంది. ఒకప్పుడు ధాన్యం మోసిన ఈ పడవలని మేకు కొట్టకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టి కట్టేవాళ్లు. ఇప్పుడు వాటి మీద పడకగది, స్నానాలగది, ముందు వరండా. వంటమనిషి పడవలోనే ఉంటాడు, మూడు పూటలా తిండి ధరలోనే. అంటే రిసార్టూ, ఓడా ఒకే చోట! తిరుపతి మీదుగా వెళ్లే శబరి, కేరళ ఎక్స్‌ప్రెస్‌లలో ఏదెక్కినా కొట్టాయం దాకా మారకుండా వెళ్లొచ్చు. అక్కణ్నుంచి అలప్పుళ దగ్గరే. బుక్‌ చేసేటప్పుడు రెండు సంగతులు అడగాలి. సాయంత్రం అయిదున్నరకల్లా పడవలు లంగరు వేసేస్తాయి, జాలర్లు వలలు వేసుకునే వేళ అది. కాబట్టి మధ్యాహ్నం ఆలస్యంగా ఎక్కితే తిరిగేది తక్కువ. చవక పడవల్లో ఏసీ రాత్రిపూటే నడుస్తుంది.

మన గోదావరి మీద పాపికొండల ప్రయాణం కూడా ఉంది. అందంలో దేనికీ తీసిపోదు. కానీ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్‌ వశిష్ట బోటు మునిగిన సంగతి మరచిపోకూడదు. వరద గోదావరిలో జరిగిన ఆ ఘోరంలో ఎన్నో కుటుంబాలు తెల్లారేసరికి దిక్కులేనివయ్యాయి. వరదల నెలల్లో ఆ ఊసెత్తొద్దు. శీతకాలంలో వెళ్లినా లైఫ్‌జాకెట్‌ వేసుకునే కూర్చోవాలి. పట్టుచీర నలుగుతుందని తీసేస్తే కుదరదు.

ఇక హార్సిలీ హిల్స్‌ని తీసిపారేయకండి. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర విడిది కట్టుకోవడంతో ఆ పేరొచ్చింది, అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. సముద్రమట్టానికి నాలుగు వేల అడుగుల పైన. 1859లో నాటిన యూకలిప్టస్‌ చెట్టు ఒకటుంది. దాని పేరు ‘కల్యాణి’. పర్యాటక సంస్థ కుటీరాలున్నాయి. మధ్యాహ్నం తిరుపతిలో బయల్దేరితే సాయంత్రం చలిలో టీ తాగొచ్చు. కాకపోతే ఆదివారం కోతులూ, కాలేజీ కుర్రాళ్లూ ఎక్కువ. సోమవారం వెళ్లండి.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. పెళ్లయింది కదాని అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చి తీరాలని ఎక్కడా లేదు. పాత పేరుతోనే ప్రయాణించొచ్చు. టికెట్‌ మీద కూడా అచ్చంగా అదే పేరుండాలి, అంతే. పాస్‌పోర్టుకి పెళ్లి సర్టిఫికెట్‌ తప్పనిసరి అన్న నిబంధనని 2016 డిసెంబరులోనే ఎత్తేశారు. పాస్‌పోర్టు సేవాకేంద్రం తిరుపతిలోనే ఉంది. సింగపూర్‌ నుంచి ఓడెక్కేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. ఓడ వేరే దేశం తాకి తిరిగొస్తే అది రెండోసారి సింగపూర్‌లోకి రావడమే అవుతుంది. ఒకేసారి ప్రవేశానికి ఇచ్చే వీసా పనికిరాదు.

అన్నట్టు, శ్రీనివాసమంగాపురంలో ఆరునెలలు విడిది చేసిన స్వామివారు ఓడని కూడా వదల్లేదు. ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేలా తిరుమల పుష్కరిణిలో అయిదు రోజులు తెప్పోత్సవం. మొదటి రోజు సీతారాములు, రెండో రోజు రుక్మిణీ కృష్ణులు. తర్వాతి మూడు రోజులూ శ్రీదేవి భూదేవులతో మలయప్పస్వామి. మూడో రోజు మూడు చుట్లు, నాలుగో రోజు అయిదు, చివరి రోజు ఏడు. దీపాల తెప్ప మెల్లగా తిరుగుతుంటే గట్టు మీద మెట్లన్నీ జనంతో నిండిపోతాయి. ఆ జనంలో ఫాల్గుణ ముహూర్తాల కొత్త జంటలు కూడా ఉంటాయి. పిన్నమ్మ కళ్లు తెప్ప మీద ఉంటాయి కాబట్టి అమ్మాయి చెయ్యి కాసేపు ఖాళీగా ఉంటుంది.